చిరుగు చాప

చాపలు పరిచింది తనే కదా, ఇంకెవర్ని తిట్టుకుంటుంది తోవాన్, తెల్లారకముందే వచ్చి ఊరి మండపం ఊడ్చి, కొత్త జెండా కట్టి, కూనిరాగం తీసుకుంటూ చాపలన్నీ దులిపి పరిచింది, తీరా జనం వచ్చి కూర్చున్నాక చూస్తే ఏముంది, పెద్దలకి పూలచాప పై అరుగు మీద, జమ్ము చాపలు కింద, చిరుగు చాప గుమ్మం పక్కన, అచ్చం ఫ్రెంచి దొరల కాలంలోలాగే, ఎవరి చోట్లోకి వాళ్ళు గూట్లోకి కోళ్ళు చేరినట్టు చేరిపోయారు, చెక్క మోగించి దండోరా వేసే తేవ్ ఎవరూ చెప్పకుండానే చిరుగు చాప మీద ముడుచుకుని కూర్చున్నాడు, అయ్యో నా చేతులు పడిపోనూ, విప్లవం వచ్చి ఆర్నెల్లు కావస్తోంది, ఈ చేతులకి ఇంకా కబురందలేదా, పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ పండగ వంటలు ఈ మండపం గుమ్మం దాకా తెచ్చి అందించడమే తప్ప గడప దాటింది లేదు, బయట నిలబడి చూసి చూసి ఏ చాప ఎక్కడో కంఠతా వచ్చేసింది, ఇప్పుడూ ఆడవాళ్ళంతా అక్కడే, చూరు కింద, చినుకుల్లో, లోపలికి రా న్యాన్ వదినా అంటే, నీకేమమ్మా ఊరి కమిటీ అధ్యక్షురాలివి, నేనొస్తే మా అత్త నా కాళ్ళు విరగ్గొడుతుంది అని కిసుక్కున నవ్వుతుంది.

నవ్వులకేం గాని పూలచాప ఖాళీగా ఉంది, అదీ అసలు బాధ, మామయ్య రాలేదు, మొగుడి తండ్రే ఊరికి ఖోవాత్ పెద్దాయన, ఆయన రాకుండా ఈ ముసలాళ్ళలో ఒక్కడూ చెయ్యెత్తడు, ఊరుమ్మడి పొలం ఆడవాళ్ళకీ తేవ్‌కీ కూడా సమానంగా పంచుదామా అంటే అందరూ గోళ్ళు చూసుకుంటున్నారు, నాట్లకి నీళ్ళు కట్టేశారు, ఇవాళ తేలకపోతే ఈ కారు కూడా పోయినట్టే, మొగుళ్ళు దక్షిణాన ఫ్రెంచివాళ్ళ మీద యుద్ధంలో ఉన్న ఈ ఆడవాళ్ళు ఏం తిని బతకాలి, తన మొగుడూ అక్కడే కదా, పొద్దున మామయ్య బోసినోటికి తమలపాకూ వక్కా దంచి ఇస్తూ అడిగింది, వస్తారు కదా మామయ్యా, ఎక్కడ కూర్చోమంటావే అమ్మాయ్ అన్నాడు, మీ ఇష్టం మామయ్యా, నా ఇష్టమేమిటే, ఇన్నాళ్ళూ ఆ పూలచాప నా చోటు, ఇష్టం కాదు అన్నాడు, దెప్పుతున్నాడనుకుని తల వంచుకుని వచ్చేసింది, పండగపూట ఊరి పెద్దకిచ్చే పంది తలకాయ తన ముందు పెట్టించుకున్న మనిషికి మంట ఉండదూ మరి, కానీ అదే మనిషి, పోయినేడు కరువులో తన బిడ్డ పోయినప్పుడు, తేవ్ బండి లాగుతుంటే వెనక చెయ్యేసి శ్మశానం దిబ్బ దాకా నడిచాడు, నా మనవరాలికి కుదుపు తగలకుండా పోనీరా అన్నాడు, తేవ్ ఏడ్చాడు, ఇద్దరూ ఏడ్చారు, మళ్ళీ పండగొచ్చేసరికి తేవ్ గుమ్మం పక్కన, ఈయన పైన, ఏం మనుషులమో.

దగ్గు వినిపించింది, మామయ్య దగ్గే, ఆ దగ్గు ఎక్కడున్నా గుర్తుపడుతుంది, చెక్క చెప్పులు విడిచి గడప దాటాడు, జనం దారిచ్చారు పూలచాప దాకా, ఇప్పుడు చాపలు లాగేస్తే ఆయన్ని పదిమందిలో లేపినట్టు, ఊరుకుంటే ఈ జెండా ఎందుకు కట్టినట్టు, ఏం చెయ్యనురా దేవుడా అనుకునేలోపే ఆయన పూలచాపని చూశాడు, తనని చూశాడు, జరగరా తేవ్ అన్నాడు, తేవ్ నిప్పు తొక్కినవాడిలా లేచాడు, అయ్యా మీరిక్కడా, ఇక్కడ జల్లు కొడుతుందండీ, కొట్టనీరా, ఎప్పుడూ నీ మీదే కొట్టాలా, కూర్చో, అని మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ చతికిలబడి, మా కోడలికి పొలాలు పంచడం వచ్చేమో గాని చాపలు పరచడం రాదర్రా, ఆ పూలచాప తెచ్చి ఆడవాళ్ళకి వెయ్యండి, తడుస్తున్నారు అన్నాడు, ఎవరో ఫక్కున నవ్వారు, న్యాన్ వదిన ఒక కాలు లోపల పెట్టి అత్త వైపు చూసింది, ఆ అత్త, ఏమే, గడపలో నిలబడతావేం, నన్నూ పోనీ అని కోడల్ని తోసుకుంటూ లోపలికొచ్చేసింది.

తోవాన్ పొలం సంగతి మళ్ళీ అడిగింది, ముందు లేచిన చెయ్యి చిరుగు చాప మీది నుంచే, వక్క మరకల వేళ్ళు, దాని పక్కన భయంభయంగా తేవ్ చెయ్యి, ఆ తర్వాత లెక్కెవరు చూశారు, కళ్ళ నిండా నీళ్ళు, నువ్వేమిటే ఇంకా నిలబడే ఉన్నావు అన్నాడు మామయ్య, నిజమే, మామగారి ఎదుట కూర్చున్న కోడలు ఈ ఊళ్ళో లేదు, ఎక్కడ కూర్చోను మామయ్యా అంది, ఆ మాట తన నోట్లోంచి వస్తుంటేనే తట్టింది, పొద్దున ఆయన అన్నదీ ఇదే మాట, ఇదే గొంతుతో, అది దెప్పడం కాదు, ఆయనకి నిజంగానే తెలియక అడిగాడు, ఎవరైనా చోటు చూపిస్తారేమోనని తనని అడిగాడు.