దొంగచుక్క పక్కన

ఆ పాలెంలో నన్ను పిచ్చి అయ్యోరు అనేవాళ్ళు. ముత్తుకూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున చేపలు పట్టే పల్లెకారుల చిన్న ఊరది. అక్కడి మిషన్ బడికి నేనొక్కడినే ఉపాధ్యాయుణ్ణి, పేరు అబ్రహాము. పొద్దుగూకగానే పాత బైనాక్యులర్ మెడకు తగిలించుకుని ఇసుకదిబ్బ ఎక్కే మనిషిని అంతకంటే మర్యాదగా పిలుస్తారని నేనూ ఆశపడలేదు. ఏ నక్షత్రం వెలుగు ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో నోటు పుస్తకంలో రాసుకోవడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. దయ్యాలంటే నమ్మకం లేదు, నమ్మేవాళ్ళంటే ఓపిక లేదు. ఈ సంగతి ముందే చెప్పి పెడుతున్నాను.

1958 శివరాత్రి రోజు, చీకటి పడే వేళ పోలేరయ్య చిన్న తెప్ప వేసుకుని ఒంటరిగా వేటకు పోయాడు. తిరిగి రాలేదు. మూడో రోజు అతని వల తేలుతూ దొరికింది. తెప్ప దొరకలేదు, మనిషీ దొరకలేదు.

శవం దొరకని మనిషి భార్య గాజులు ఎప్పుడు తియ్యాలి? దానికి ఆ పాలెంలో ఒక పద్ధతి ఉంది. మగవాడు తెప్ప నీళ్ళలోకి తోసినప్పుడు ఆకాశంలో ఏ చుక్క ఎక్కడ ఉందో భార్యే చెప్పాలి. అది సాక్షి చుక్క. మళ్ళీ శివరాత్రికో, దీపావళికో, ఆ మనిషి ఏ పండగప్పుడు పోతే మళ్ళీ ఆ పండగ నాటికి అదే పొద్దులో అదే చోట ఆ చుక్క కనిపిస్తే గాజులు పగలగొట్టి కర్మ చేస్తారు. అందాకా ఆమె ముత్తయిదువే. చుక్కలు ఏడాది తిరిగేసరికి వాటి చోటికి అవి వస్తాయి గనక ఏడాది గడువన్నమాట. ఊరి పెద్దకాపు ఈ మాటను కులం ముందు కట్టుబాటుగా చెబుతాడు. దాన్ని దురాయి అంటారు. ఒకసారి వేసిన దురాయిని వేసినవాడు కూడా ఎత్తలేడు.

అప్పటి పెద్దకాపు హజరత్తయ్య. రెండు కళ్ళకూ పొరలు కమ్మిన ముసలాయన.

"యే చుక్కమ్మా?" అని అడిగాడు పోలేరయ్య భార్య అంకాలమ్మను.

"జంట తాటిచెట్ల నెత్తిన ఉండిన ఎర్ర చుక్క," అంది ఆమె.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు గానీ నోరు మెదపలేదు. కళ్ళు కనపడని హజరత్తయ్య సరేనని దురాయి వేసేశాడు.

మరుసటి శివరాత్రికి పాలెమంతా ఒడ్డున చేరింది. పడమటి వైపు జంట తాటిచెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి. వాటి పైన ఉండాల్సిన చోట ఏమీ లేదు. చుట్టుపక్కల చుక్కలన్నీ తమ తమ చోట్లలో ఉన్నాయి, అదొక్కటే లేదు. అప్పుడు చెప్పారు హజరత్తయ్యకు, అది దొంగచుక్క అని. కొన్ని నెలలు కనపడుతుందట, కొన్ని నెలలు దాక్కుంటుందట. దాన్ని చూస్తే వలకు చేటని ఎవరూ అటు తలెత్తరట, పేరు కూడా పలకరట. అందుకే ఆనాడు ఎవరూ మాట్లాడలేదు.

"దొంగను సాక్షి పెట్టినావా అమ్మే," అని ముసలాయన చేతికర్రతో ఇసుకను కొట్టాడు. కానీ దురాయి దురాయే. అంకాలమ్మ గాజులు గలగలమంటుండగా ఇంటికి నడిచిపోయింది.

ఆ చుక్క సంగతి నాకు ముందే తెలుసు. మా పుస్తకాల్లో దాని పేరు మీరా. ముసలితనంలో ఉబ్బిపోయిన ఎర్రని నక్షత్రం. మూడువందల ముప్ఫై రెండు రోజులకోసారి వెలుగుతుంది, తరవాత మామూలు కంటికి ఆనకుండా పోతుంది. అంటే ఏటేటా నెల ముందుకు జరుగుతుంది. లెక్క కడితే అది శివరాత్రి సాయంత్రానికి అక్కడ మళ్ళీ వెలిగేది 1966లో. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. అంకాలమ్మ అడిగింది గనక ఆమెకు మాత్రం చెప్పాను.

"అది దాక్కుంటుందని తెలిసే చెప్పావా?" అని అడిగాను.

"మా నాయన చెప్పినాడయ్యోరా. అయినా అబద్ధం చెప్పలేదు నేను. తెప్ప తోసేటప్పుడు ఆయన దాన్నే చూసినాడు," అంది.

ఆ ఎనిమిదేళ్ళూ ఆమె బతుకు అటూ ఇటూ కాని బతుకు. ముత్తయిదువలు పేరంటానికి పిలవరు, విధవలు తమలో కలుపుకోరు. చేపల గంప ఎత్తుకుని ఎదురొస్తే ఆడవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆమె మాత్రం రోజూ మునిమాపున నేను కూర్చునే దిబ్బకు నాలుగు బారల దూరంలో కూర్చుని, జంట తాళ్ళ పైన ఖాళీగా ఉన్న చోటును చూసేది. అక్కడ లేనిదాన్ని అంత శ్రద్ధగా చూసే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు.

1962లో ఒకరోజు అడిగాను. "ఏం చూస్తావు అంకాలమ్మా? అది లేదుగా."

"ఎర్రది లేదు. పక్కన ఇంకోటి ఉండాది గదా."

"ఏది?"

"తెల్లది. సూదిమొనంత. ఎర్రది ఆరిపోయినా ఇది ఆరదు. దాన్ని అంటుకునే ఉంటాది." మామూలుగానే అంది, "అందుకే ఆయన రాలా."

బైనాక్యులర్ దింపేసి ఆమె వైపు తిరిగాను. ఎందుకంటే ఆ ఎర్ర నక్షత్రానికి నిజంగానే ఒక జంట ఉంది. చిన్నది, తెల్లగా మండేది, ఎర్రదానికి మరీ దగ్గరగా ఉండేది. పెద్దదాని ఒంట్లోంచి రాలే పొగను అది కొంచెం కొంచెంగా లాక్కుంటూ ఉంటుందని ఒక ఆచార్యుడు మద్రాసు నుంచి పంపిన పత్రికలో చదివాను. కానీ దాన్ని చూడాలంటే గదంత పెద్ద దుర్బిణి కావాలి. నా బైనాక్యులర్‌కే అందనిది మనిషి కంటికి అందదు. చదువు రాని అంకాలమ్మకు ఆ మాట చెప్పినవాళ్ళూ ఎవరూ లేరు.

"ఏ పక్కన ఉంది?" అని అడిగాను, గొంతు వీలైనంత మామూలుగా పెట్టుకుని.

"పైన. రవంత ఎడమ వారకి."

ఆ రాత్రే ఆచార్యుడికి ఉత్తరం రాశాను. నెలన్నరకు జవాబు వచ్చింది. ఆ చిన్న నక్షత్రం పెద్దదానికి ఆగ్నేయంగా ఉందని రాశాడాయన. కాగితం మీద బొమ్మ గీసుకున్నాను. పడమట దిగేటప్పుడు ఆగ్నేయం అంటే పైన, కాస్త ఎడమ. రెండుసార్లు గీశాను, రెండుసార్లూ అంతే వచ్చింది. ఆ తరవాత వారం రోజులు దిబ్బ మీదికి పోలేదు. జ్వరమని బడి పిల్లలకు చెప్పాను. నిజానికి భయమేసింది, అంతే.

1966 శివరాత్రి వచ్చింది. పాలెంలో గడువు సంగతి సగం మంది మరిచిపోయారు. హజరత్తయ్య మరిచిపోలేదు. కళ్ళు పూర్తిగా పోయినా, మనవరాలి చెయ్యి పట్టుకుని ప్రతి శివరాత్రికీ ఒడ్డుకు వస్తూనే ఉన్నాడు. ఎప్పటిలాగే నన్ను అడిగాడు. "అయ్యోరా, మావోళ్ళు దాని దిక్కు చూడరు. నీ అద్దాలు పెట్టి చూసి చెప్పు. ఉండాదా?"

బైనాక్యులర్ అక్కర్లేదు. జంట తాళ్ళ పైన అది ఎర్రగా, అందరికీ కనపడేట్టు వెలుగుతోంది. నేను అంకాలమ్మ చేతులు చూశాను. ఎనిమిదేళ్ళలో అరిగి రంగు పోయిన ఆకుపచ్చ గాజులు.

"లేదు," అన్నాను. బైబిలు వాక్యాలు చెప్పే మిషన్ బడి పంతులు ఆడిన అబద్ధం. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడను.

"ఉండాది పెద్దకాపా," అంది అంకాలమ్మ. "అయ్యోరు నా మీద జాలి కొద్దీ అంటా ఉండాడు."

ఆమె తనే ఒడ్డున ఉన్న తెప్ప మొద్దు దగ్గరికి పోయి రెండు చేతులూ ముందుకు చాపి కూర్చుంది. గాజులు రాతితో పగలగొట్టారు. ఏడవలేదు. ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ళు ఆమె మొహం చూసి ఊరుకున్నారు. అందరూ పోయాక నేనుండబట్టలేక అడిగాను, ఎందుకు చెప్పావని. నాకు కోపంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

"చూడు అయ్యోరా, ఎట్టా మండతా ఉండాదో. దీపం ఆరబోయే ముందర అట్నే గదా." ఆమె ఆకాశం వైపే చూస్తూ అంది. "ఆయన ఇన్నాళ్ళూ బతికే ఉండాడు. ఈ పొద్దు పోయినాడు. పోయినోడికి పెళ్ళాంగా ఉంటే ఆయనకు దారి దొరకదు."

మతి చెడిందనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు నిద్ర పట్టేది.

నలభై రోజుల తరవాత, మిట్టమధ్యాహ్నం, బడి గుమ్మంలో ఒక ఆడమనిషి నిలబడింది. ముత్తుకూరులో బస్సు దిగి ఇసుకలో నడిచి వచ్చిందట. పొట్టిగా, సన్నగా, తెల్లగా ఉంది. చేతులకు గాజుల్లేవు. అరవం కలిసిన తెలుగులో పోలేరయ్య ఇల్లు ఎక్కడని అడిగింది. పిల్లల్ని ఇంటికి పంపేసి నేనే తీసుకుపోయాను.

అంకాలమ్మ గుడిసె ముందు కూర్చుని వల బాగుచేస్తోంది. వచ్చినామె వాకిట్లోనే నిలబడి, తల వంచుకుని, ఎన్నోసార్లు వల్లెవేసుకున్న పాఠంలా చెప్పింది. విరిగిన తెప్ప మీద తేలుతున్న మనిషిని సరుకు ఓడ ఒకటి ఎక్కించుకుని నాగపట్నంలో దించిందట. అప్పుడు చూసుకున్నది తనేనట. ఆ తరవాత పోనివ్వలేదట.

"ప్రతి శివరాత్రికీ మూట కట్టుకునేవారు అక్కా. నేను కాళ్ళు పట్టుకునేదాన్ని, విషం తాగుతాననేదాన్ని. నిలిచిపోయేవారు. ఏటేటికీ చిక్కిపోయారు. ఈ శివరాత్రికి పొద్దుగూకే వేళ పోయారు. ఇది నీకిమ్మన్నారు."

కొంగు ముడి విప్పి నల్ల తాడుకున్న వెండి తాయెత్తు తీసింది. పోలేరయ్య మెడలో ఉండేదే అది.

అంకాలమ్మ తాయెత్తు వైపు చూడలేదు. వల పక్కన పెట్టి, ఆమెను పాదాల నుంచి నెత్తి దాకా నిదానంగా చూసింది. కొత్త మనిషిని చూసే చూపు కాదది.

"ఎనిమిదేళ్ళుగా నిన్ను చూస్తానే ఉండా," అంది. "నీడకు రా. కూర్చో."