గీతలమ్మ హాజరు

తెల్లతామరందుఁ దీరుగాఁ గూర్చున్న
తల్లి! పలుకులమ్మ! తలపునందు
నిలువుమమ్మ! మాకు నీ కృపఁ జూపవే,
కథకు నీవె గొంతు కలిమి వగుచు.

ఆ ఉదయం గీతలమ్మ ఇంటిల్లిపాది పిలుపులకూ ముందుగానే జవాబులు అమర్చిపెట్టింది. అత్తగారి మంచం పక్కన ఫ్లాస్కులో వేడినీళ్ళు, చేతికందేలా మోకాళ్ళ నూనె, మాత్రలు, టీవీ రిమోటు. భర్త బల్ల మీద మూతపెట్టిన టీ, బిస్కెట్ల డబ్బా. కుక్కరు దించింది, స్టవ్వు ఆపింది, గిన్నెలు కడిగి బోర్లించింది. ముట్టడికి ముందు కోటలో ధాన్యం నింపుకునే రాజులా అన్నీ నింపుకుని, భోజనాల బల్ల చివర ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ఆమె గెలవవలసిన యుద్ధం చాలా చిన్నది. రెండు గంటల సేపు కుర్చీలోంచి లేవకూడదు.

ఆమె ఇళ్ళకు ప్లాన్లు గీస్తుంది. గీతలమ్మ అన్నది తాపీమేస్త్రీలు పెట్టిన పేరు. అదే చివరికి ఇంటా బయటా నిలిచిపోయింది. భర్తదీ అదే వృత్తి. ఇద్దరికీ వేరువేరు లైసెన్సులు. లైసెన్సు ఉన్నవారు సంతకం చేసిన ప్లానుకే కట్టుబడికి అనుమతి దొరుకుతుంది, సంతకం చేసినవారి మాటే ప్లానులో చెల్లుతుంది. అయితే ఇల్లు కట్టే విద్య ఏనాడూ ఒకచోట ఆగేది కాదు గనుక, లైసెన్సు గడువు తీరేలోగా కొత్త పాఠాలు వినాలని నియమం. ఈసారి మూడు క్లాసులు పెట్టారు, ఇంట్లో కూర్చునే వినవచ్చునన్నారు. వినేవాడు నిజంగా వింటున్నాడా, కెమెరా ముందు చొక్కా ఆరేసి పోయాడా అని కనిపెట్టడానికి ఒక ఉపాయం చేశారు. చెప్పాపెట్టకుండా తెర మీద ‘ఉన్నారా?’ అని ప్రశ్న వెలుగుతుంది. నిమిషంలోగా ‘ఉన్నాను’ అన్నచోట నొక్కాలి. నొక్కకపోతే ఆ క్లాసుకు హాజరు లేనట్టే. ఒక క్లాసు పోతే మన్నిస్తారు. రెండోది కూడా పోతే లైసెన్సే పోతుంది. మళ్ళీ కుర్రకారుతో కలిసి మొదటి పరీక్ష నుంచి రాసుకుంటూ రావాలి.

గీతలమ్మకు మొదటి క్లాసు పోయింది. భార్యాభర్తలిద్దరూ ఒకే పాఠం విన్నారు. అతను తలుపున్న ఆఫీసు గదిలో, ఆమె తలుపు లేని భోజనాల హాల్లో. పాఠం మొదలైన కాసేపటికి వీధి గంట మోగింది. “నువ్వు లేవవే, నేను క్లాసులో ఉన్నా” అని గదిలోంచి కేక. ఆమె లేచింది. తాను కూడా క్లాసులోనే ఉన్నానన్న సంగతి తలుపు తీసి, పార్సిలు అందుకుని, మూడు అడుగులు వెనక్కి వేశాక గాని ఆమెకు గుర్తురాలేదు. అదీ అసలు విడ్డూరం. ఎవరో బలవంతంగా లేపితే కోపగించుకోవచ్చు; కాళ్ళే లేచిపోతే ఎవరి మీద కోపగించుకుంటాం? ఆ తరవాత అత్తగారికి వేడినీళ్ళు, తరవాత అతనికి టీ. తిరిగి వచ్చి చూస్తే తెర మీద ఎర్రక్షరాలు. సాయంత్రం అతను తీరిగ్గా ఒళ్ళు విరుచుకుంటూ, “నాకు ఒక్కటీ పోలేదు. నీకు ఏకాగ్రత తక్కువే. కుదురుగా కూర్చోవడం నేర్చుకోవాలి” అన్నాడు. ఆమె తెచ్చిన రెండో టీ అప్పటికతని చేతిలోనే ఉంది.

ఇల్లాలే ఇల్లన్నారు పెద్దలు. ఆ మాట ఎంత నిజమో గీతలమ్మకు ఆ సాయంత్రం తెలిసింది. ఇల్లు ఎక్కడైనా కూర్చుంటుందా? నిలబడే ఉంటుంది.

రెండో క్లాసు నాటికి అత్తగారు కూతురింటికి వెళ్ళింది గనుక గీతలమ్మ గట్టెక్కింది. ఇవాళ మూడోది. ఆఖరిది. ఇది పోతే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే కుట్టుపని ఆవిడ గది పోతుంది.

ఆ గది సంగతి చెప్పాలి. బట్టలు కుట్టి సంపాదించి, తన పేరిట స్థలం కొనుక్కున్న ఒకావిడ వచ్చి, మూడు పడకగదుల ఇల్లు గీయమంది. అందరూ అడిగేవన్నీ అడిగింది. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, “ఇంకొక్క గదమ్మా. మిషను పట్టేంత చాలు. గడియ మాత్రం లోపలివైపు పెట్టండి” అంది. గీతలమ్మ ఆ ఇంటికి తూర్పు వెలుతురు పడే మూల ఆ గది గీసింది. ఆవిడ ఇంటాయన ఆ గది వద్దని గీతలమ్మ భర్తకు ఫోను చేశాడు. భర్త ఎర్ర పెన్నుతో ఆ గది గోడ కొట్టేసి, హాలును అంతవరకూ లాగాడు. “ఆవిడ అడిగిందండీ” అంటే, “ఆవిడ అడుగుతుంది, రేపు ఆ ఇంట్లో గొడవైతే మన మెడకు చుట్టుకుంటుంది. సంతకం పెట్టేది నేను కదా” అన్నాడు. “నేను పెడతాను” అంది ఆమె. అతను నవ్వాడు. “ఒక ఒరలో రెండు కత్తులెందుకే? ఎవరి సంతకమైతే ఏం, అన్నం ఒక కుండలోదే కదా.”

అన్నం ఒక కుండలోదే. వండేది ఎవరో మాత్రం ఎవరూ అడగరు.

పొద్దున టిఫిను పెడుతూ ఆమె స్పష్టంగానే చెప్పింది. “ఇవాళ ఏమైనా అవసరమైతే మీరు లేవండి. మీకు ఒకటి పోయినా ఫర్వాలేదు. నాకు ఇంకొకటి పోతే లైసెన్సు పోతుంది.”

“చూద్దాంలే” అన్నాడతను, పేపరు తిప్పుతూ.

“చూద్దాం కాదండీ. సరే అనండి.”

“అబ్బ, సరే అన్నాగా” అన్నాడు, అనకుండానే.

పాఠం మొదలైంది. పెద్దవయసువారు ఉండే ఇళ్ళను ఎలా కట్టాలన్నది విషయం. మాస్టారు నెరిసిన గడ్డం సవరించుకుంటూ, గడపలు ఎంత ఎత్తుండాలో, స్నానాల గదిలో పట్టుకమ్మీ ఎక్కడ బిగించాలో, స్విచ్చి ఎంత ఎత్తున ఉంటే వంగిన నడుముకు అందుతుందో బొమ్మలు గీసి చెబుతున్నాడు. “ఇంట్లో ఒక మనిషిని పదేపదే పిలవాల్సి వస్తోందంటే, ఆ ఇంటి ప్లానులో ఎక్కడో తప్పుందని అర్థం” అన్నాడు. గీతలమ్మ ఆ వాక్యం రాసుకుంది. తన ఇంట్లో పట్టుకమ్మీలు ఉన్నాయి, గడపలు లేవు, స్విచ్చులన్నీ చేతికందుతాయి. అన్నీ తనే గీసి తనే బిగింపించింది. మరి తప్పు ఎక్కడుంది?

“ఏమేవ్, నా కళ్ళజోడు ఏదే?” లోపలి నుంచి అత్తగారు.

కాళ్ళు కదిలాయి. మడమలు నేలను తన్నాయి. ఆమె రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుంది. కళ్ళజోడు దిండు పక్కనే ఉంది, పెట్టింది తనే. కానీ ఒంట్లో ఎక్కడో ఒక కోడెదూడ గుంజ పీకడానికి గింజుకుంటున్నట్టుంది. లేచి వెళ్ళి చెప్పి వస్తే అరనిమిషం. అరనిమిషమే కదా. జీవితంలో ఎన్ని గంటలు అలా అరనిమిషాలుగా తరిగిపోయాయో ఎవరు చెప్పగలరు? ఆమెకు చెమట పట్టింది. పాఠం చెవుల్లోంచి జారిపోతోంది. వినకపోతే కూర్చుని ఏం లాభమని మళ్ళీ బలవంతాన మాస్టారి గొంతు పట్టుకుంది.

“వినబడలేదేమే? కుర్చీకి జిగురు రాశారా ఏం?”

‘ఉన్నారా?’ అని వెలిగింది తెర. ఆమె నొక్కింది. ఉన్నాను.

అంతలో వీధి గంట. ఒకసారి. ఆగి మరొకసారి. ఈసారి భర్త గొంతు రెండువైపుల నుంచి వినిపించింది, ఒకటి ఆఫీసు గదిలోంచి, మరొకటి ఆమె ల్యాప్‌టాప్‌లోంచి. మైకు కట్టేయడం మరిచాడు. “ఏమేవ్, ఆ తలుపు చూడవే. నేను క్లాసులో ఉన్నా. అమ్మ కూడా పిలుస్తోంది, చెవుడా నీకు?”

పాఠం ఆగిపోయింది. తెర మీద గళ్ళుగళ్ళుగా ఉన్న ముఖాల్లో కొన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాయి. ఎవరో ఒకావిడ, ఎక్కడి నుంచి వింటోందో గాని, మెల్లగా అంది: “సార్, ఆవిడ కూడా ఇక్కడే ఉన్నారు. రెండో వరసలో. ఇద్దరి వెనకా గోడకు ఒకే రంగు, గంట మోగగానే ఇద్దరూ తల తిప్పారు.”

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. “అయ్యా, తలుపు దగ్గర ఎవరో ఉన్నట్టున్నారు” అన్నాడు. ఎవరి వంకా చూసి కాదు. అయినా ఆ ‘అయ్యా’ ఎవరికో అందరికీ తెలిసింది.

గీతలమ్మ ముఖం మండిపోయింది. ఇంటి గుట్టు వీధిన పడిందే అన్న సిగ్గు. ఆయన పరువు పోయిందే అన్న బాధ. తనకు చెవుడా అన్నందుకు కాదు, నలుగురూ విన్నందుకు కుమిలిపోతున్న తన మనసును చూసి తనకే రోత. ఇప్పుడు లేచి వెళితే అన్నీ సర్దుకుంటాయి. ఆయన నవ్వేస్తాడు, అత్తగారు గొణిగి ఊరుకుంటుంది, పాఠం సాగుతుంది. తనొక్కతే ఉండదు.

ఆమె లేవలేదు.

తెర మీద భర్త గడిలో కుర్చీ వెనక్కి జరిగింది. ముందు చొక్కా, తరవాత మోచెయ్యి, ఆ తరవాత ఏమీ లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఖాళీ కుర్చీని ఆమె చూడటం అదే మొదలు. వీధి తలుపు తీసిన చప్పుడు. “అమ్మా, ఏం కావాలే?” “కళ్ళజోడురా.” “ఎక్కడ పెట్టావు?” “నాకు తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?” సొరుగులు లాగిన చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు. ‘ఉన్నారా?’ అంది తెర. ఆమె నొక్కింది. ఖాళీ కుర్చీ నొక్కలేదు.

పాఠం ముగిసి, మాస్టారు హాజరైనవారి పేర్లు చదివాక అతను వచ్చి హాలు గుమ్మంలో నిలబడ్డాడు. నుదుటి మీద దుమ్ము చార.

“నీ వల్ల నా హాజరు పోయింది.”

“మీకు ఒకటి పోయినా మన్నిస్తారు. పొద్దున చెప్పాను కదండీ.”

“చెప్తే మాత్రం? లేస్తావనే అనుకున్నా.”

గీతలమ్మ అతని ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ. “నేనూ లేస్తాననే అనుకున్నానండీ” అంది.

లోపలి నుంచి అత్తగారి గొంతు, ఎవరితో అంటోందో తెలియకుండా: “దిండు పక్కనున్న కళ్ళజోడు కనబడనివాడు ఊరందరికీ ఇళ్ళు గీస్తాడట.” ఆ మాటకు అతను నుదురు తుడుచుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె కుట్టుపని ఆవిడ ప్లాను తెరిచింది. ఎర్ర గీత ఇంకా అలాగే ఉంది. మనసు ఇంకా కుదుటపడలేదు. అతనిప్పుడు ఏమనుకుంటున్నాడో, రాత్రి భోజనాల దగ్గర ఏమంటాడో, ఆవిడ ఇంటాయన ఫోను చేస్తే ఏం చెప్పాలో, అన్నీ ఒకదాని మీద ఒకటి తోసుకొస్తున్నాయి. వాటన్నిటినీ రానిచ్చింది. చెయ్యి మాత్రం ఆగలేదు. ఎర్ర గీతను తీసేసింది. గోడను తిరిగి నిలబెట్టి, కింద తన సంతకం పెట్టింది. ఆ గోడ గీసేముందు ఆమె ఎవరినీ అడగలేదు.

ఈ కథ విన్న ఇల్లాళ్ళకు విద్య అక్షయమగుగాక. విన్న ఇంటాయనలకు తమ వస్తువులు తమకు దొరుకుగాక. పెద్దవారికి మోకాళ్ళ నొప్పులు శాంతించుగాక. చదివినవారికీ, చదివి వినిపించినవారికీ, పనుల నడుమ సగమే వినగలిగినవారికీ శుభమగుగాక.