మామయ్య బిగించిన ఇంజిన్

మిరోన్ ఏదో చెప్పి పగలబడి నవ్వుతుండగా కారు ఆగిపోయింది. ఇంజిన్ చప్పుడు లేదు, స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. మా ఆయన రెండు చేతులా దాన్ని తిప్పి, కారును రోడ్డు పక్క కంకర మీదికి చేర్చాడు. మిరోన్‌ను ‘మా ఆయన’ అని రాయడం నాకింకా కొత్త. అవకాశం దొరికితే వదలను.

యార్క్‌టన్ వెళ్లే ఆ కెనడా రోడ్డుకు అటూ ఇటూ ఆవచేలలాంటి కనోలా చేలు పసుపు ఆరబోసినట్టున్నాయి. మేం కారు దిగి, పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు ఎవరు దూరంగా ఉమ్ముతారో పందెం వేసుకున్నాం. నేనే గెలిచాను. ఈలోపు కారుకు బుద్ధొచ్చింది. తాళం తిప్పగానే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది.

“పెళ్లయ్యాక ఇలా ఆగడం ఇది మూడోసారి. రేపు గ్యారేజీలో ఇచ్చేద్దాం,” అన్నాడు మిరోన్.

“మామయ్యగారికి ఏం చెబుతావ్?”

కిందటేడు మామయ్యగారికి పక్షవాతం వచ్చింది. మనిషి కోలుకున్నారు గానీ ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పటికీ మాట వినవు. చుట్టుపక్కల రైతుల బళ్లన్నీ ఇంటి వెనక షెడ్డులో ఆయన చేతిమీదుగా బాగుపడినవే. జబ్బు చేశాక ఆయన ముట్టుకున్న మొదటి ఇంజిన్ మా కారుదే. చలికాలమంతా కూర్చుని విప్పి, కడిగి, బిగించి మాకు పెళ్లికానుకగా ఇచ్చారు.

చెప్పకుండా దాచాలనుకున్నాం గానీ మిరోన్ ముఖంలో ఏదీ దాగదు. రాత్రి భోజనాల దగ్గర బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీల మీద మీగడ వేసుకుంటూ మామయ్యగారు విషయమంతా రాబట్టారు. కాసేపు తన ఎడమచేతి వంక చూసుకున్నారు.

“ఎక్కడో సరిగా బిగించి ఉండను. గ్యారేజీకే ఇవ్వండి. మీ ప్రాణాలతో చెలగాటాలొద్దు. నేనూ షెడ్డు మూసేస్తా.”

“ఇంకో రెండు పెరోగీలు వేసుకో,” అంది అత్తయ్య. ఆవిడకు మాట తోచనప్పుడల్లా వడ్డిస్తుంది.

“మామయ్యా, ఒక్కరోజు ఆగుదాం. రేపు నేను నడుపుతా, మీరు పక్కన కూర్చోండి,” అన్నాను.

పొద్దున్నే బయలుదేరాం. దారిలో ఆయన నన్ను డాక్టరులా ప్రశ్నలడిగారు.

“ఊళ్లో నెమ్మదిగా పోతున్నప్పుడు ఆగిందా?”

“లేదు. పెద్ద రోడ్డెక్కి వేగం అందుకున్నాకే.”

“టక్కున ఆగుతుందా, కుదుపులిస్తుందా?”

“రెండూ కాదు మామయ్యా. ఆయాసమొచ్చిన మనిషిలా నీరసపడిపోతుంది.”

“తీగ తెగితే టక్కున పోవాలి. పెట్రోలు అందకపోతే కుదపాలి. ఆయాసమంటే గాలి...” అని గొణుక్కున్నారు. ఆయన అంటుండగానే కారు నీరసపడి ఆగింది. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. కారు ఆగినందుకు సంతోషించిన డ్రైవరును నేనొక్కదాన్నేనేమో.

బానెట్ ఎత్తి గాలి ఫిల్టరు పెట్టె తెరిచారు. ఫిల్టరు శుభ్రంగా ఉంది. అయినా మూత పూర్తిగా మూయకుండా, గాలి పక్కనుంచి దూరేలా వదులుగా కట్టి, “ఇప్పుడు తొక్కు,” అన్నారు. తొక్కాను. ఊళ్లూ ధాన్యం గోదాములూ వెనక్కి పోయాయి గానీ కారు ఆగలేదు. మళ్లీ మూత బిగించి నడిపితే ఆగిపోయింది.

“అయితే ఫిల్టరుకి ముందే అడ్డుంది. గాలి పీల్చే గొట్టంలో.”

కారు ముందరి జాలీ వెనకున్న ఆ గొట్టంలోకి ఆయన చెయ్యి పోనిచ్చారు. కుడిచెయ్యి లావై పట్టలేదు. జబ్బుకు సన్నబడిన ఎడమచెయ్యి పట్టింది గానీ వేళ్లు దేన్నీ పట్టుకోలేకపోయాయి. ఆయన నుదుటికి చెమట పట్టింది. నేను సాయం చేయబోయి ఆగాను. కాసేపటికి ఆయనే పక్కకు జరిగారు.

“మెత్తగా ఏదో తగులుతోంది. నువ్వు చూడమ్మా లెస్యా.”

“ఎలుకైతే?”

“కేకెయ్యి. నేను లాగుతా నిన్ను.”

కళ్లు గట్టిగా మూసుకుని లాగాను. నలిగి, మసిబారిన గులాబీరంగు కాగితప్పువ్వు! మా వైపు పెళ్లికి ముందురోజు ఆడవాళ్లంతా చర్చి హాల్లో కూర్చుని పల్చటి కాగితాలతో వందల పువ్వులు కడతారు. వాటితో పెళ్లికారును ముంచెత్తుతారు. వేగం పెరిగితే ఇంజిన్ పీల్పుకు ఈ పువ్వు గొట్టం లోపలికి పోయి అడ్డంపడేది. ఆగితే వెనక్కి జారేది.

మామయ్యగారు పువ్వును తిప్పి తిప్పి చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

“జాలీలో పువ్వులు కుక్కింది నేనే. ఖాళీ కనపడిన చోటల్లా కుక్కాను.”

ఇద్దరం రోడ్డు పక్కన కూలబడి నవ్వాం. అటుగా పోతున్న ట్రక్కాయన సాయం కావాలేమోనని ఆగి, మమ్మల్ని చూసి, చెయ్యూపి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి చెబితే మిరోన్ వదల్లేదు. “అంటే తప్పు నీదే కదా నాన్నా!”

“తప్పు పెళ్లికొడుకు తండ్రిది. మెకానిక్కుది కాదు,” అన్నాను.

“ముందే చెప్పానా లేదా? కారుకి పువ్వులు పెట్టమంటే సమాధికి పెట్టినట్టు పేర్చావు,” అంది అత్తయ్య. అంటూనే ముఖం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

మామయ్యగారు ఆవిడ ఎదుట నిలబడి చెయ్యి చాచారు. “నీ కారు తాళాలివ్వు.”

“దానికేమైంది?”

“మంచు కరగకముందు నుంచీ బ్రేకులు కీచుమంటున్నాయి. నాకు వినపడదనుకుని, నువ్వు కారు వీధి చివర ఆపి నడిచొస్తున్నావు.”

అత్తయ్య దొంగలా నవ్వింది. “నీకు కష్టమవుతుందని...”

“కష్టమేలే. అందుకే మనిషిని పెట్టుకున్నాను. లెస్యా, ఆ గౌను మార్చుకుని రా. చక్రాలు విప్పాలి.”

మా ఆయన పాత చొక్కా తొడుక్కుని పరుగెత్తాను. అది నా మోకాళ్లదాకా ఉంది.