సముద్రం మీద వదిన

విమానాలకు దారి గీయడం నా ఉద్యోగం. రెండు విమానాశ్రయాల మధ్య దూరం, ఆ రోజు గాలి ఎటు వీస్తోంది, ఇంధనం ఎంత పోయాలి, ఇవన్నీ లెక్కకట్టి పైలట్ చేతికివ్వాలి. సముద్రం మీద దూరం మారదు. పట్టే సమయమే మారుతుంది. చలికాలంలో అటు వెళ్ళేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, ఇటు వచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది. ఏడు గంటల్లో వెళ్ళిన విమానం తిరిగి రావడానికి తొమ్మిది గంటలు తీసుకుంటుంది.

ఆ రెండు గంటలే మాకు తక్కువయ్యాయి.

నా భార్య సాయంత్రం దాకా ఉండటం కష్టమని ఆసుపత్రిలో డాక్టరు పొద్దున్నే చెప్పేశాడు. తను కోరింది ఒక్కటే, అక్కను చూడాలని. వదిన అప్పటికే అవతలి తీరంలో విమానం ఎక్కింది.

"ఎందాకా వచ్చిందండీ?" కళ్ళు తెరిచినప్పుడల్లా ఇదే ప్రశ్న.

"ఇప్పుడే సముద్రం మీదికొచ్చింది."

"మన పెళ్ళికీ ఇంతే. భోజనాలయ్యాక దిగింది మహాతల్లి."

తడి దూది ఆమె పెదాలకు అద్దుతున్న నర్సు నవ్వింది. డ్యూటీ అయిపోయినా ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళలేదు. బ్యాగు భుజాన వేసుకునే నిలబడింది.

మధ్యాహ్నానికి ఊపిరి పలచబడింది. మళ్ళీ అడిగింది. విమానం ఇంకా సముద్రం మీదే ఉంది.

"దిగిందోయ్," అన్నాను. "సామాను కోసం నిలబడింది."

నా మొహంలోకి కాసేపు చూసింది. "చలికాలం కదండీ, ఎదురుగాలి. ఏటా ఈ నెలలో ఇంటికి ఆలస్యంగా వచ్చి మీరు చెప్పే సాకు అదేగా!" తన మాటకు తనే నవ్వింది. చప్పుడు లేదు, పెదాలు మాత్రం కదిలాయి. "అక్కకి మాత్రం నేను నమ్మాననే చెప్పండి."

మళ్ళీ మాట్లాడలేదు. ఎండ మొహం మీద పడకుండా నర్సు కిటికీ తెర సగం లాగింది. ఆ నీడలోనే ఊపిరి ఆగిపోయింది.

వదిన చక్రాల పెట్టె లాక్కుంటూ వచ్చేసరికి వరండాలో లైట్లు వేశారు. మంచం పక్కనున్న బెంచీ మీద, చెల్లెలి పాదాలు పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ఎప్పుడు, మరిదిగారూ?"

చెప్పాను.

"అప్పుడు నేనెక్కడున్నాను?"

"ఇంకా సముద్రం మీదే."

లెక్క చూసుకుని, మొహం రెండు చేతుల్లో దాచుకుంది. "సినిమా చూస్తున్నాను. పక్కావిడ ఉలిక్కిపడేట్టు నవ్వాను కూడా, పాపిష్టిదాన్ని."

"మీరు వచ్చేశారనే నమ్మింది వదినగారూ," అన్నాను. అది నాకు అప్పగించిన మాట. తర్వాతిది మాత్రం నిజం. "ఆ సమయానికి తనూ నవ్వింది."

వదిన తలెత్తింది. "దేనికి? నా ఆలస్యానికా?"

"కాదు. నా ఆలస్యాలకి."

ఆమె కళ్ళు తుడుచుకుని, బెంచీ మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.