పరిగెత్తిన మాస్టారు

మా డ్రైవింగ్ స్కూల్లో పదకొండేళ్లుగా గొంతు చించుకుని చెబుతున్నాను. యాక్సిడెంట్ అయితే బండి ఆపండి, దెబ్బలు తగిలినవాళ్లని చూడండి, ఫోన్ చేయండి, అక్కణ్ణించి కదలకండి.

ఆ ఉదయం స్టీరింగ్ ముందు డ్రైవింగ్ నేర్చుకుంటున్న మా అత్తగారు, పక్కసీట్లో నేను. సిగ్నల్ దగ్గర ఆగాం. వెనకనుంచి ఓ తెల్లకారు మమ్మల్ని గుద్దింది. మా కారు ముందుకు తుళ్లి, సైకిలు మీదున్న పోస్ట్‌మాన్‌ని పడేసింది. నేర్పే కారు కదా, నా కాలికింద కూడా ఓ బ్రేకుంది. తొక్కింది మాత్రం అత్తగారే. తెల్లకారు పక్కనుంచి దూసుకుపోయింది.

"వాణ్ణి వదలను!" తలుపు తీసి పరుగందుకున్నాను. కారు వెనక. కాళ్లతో. ఈ పొట్టతో. రెండో మలుపులో ఊపిరాడక దీపస్తంభాన్ని వాటేసుకున్నాను. నంబరు చూడాలన్న ఆలోచన అప్పుడొచ్చింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు అన్నీ చేసేసింది. పోస్ట్‌మాన్ మోకాలికి తన రుమాలు కట్టింది. అరచేతి మీద రాసుకున్న నంబరు కానిస్టేబుల్‌కి చదివి వినిపిస్తోంది.

ఎదురుకొట్టు దర్జీ నన్ను చూసి ఎగిరి గంతేశాడు. "వీడే సార్! గుద్దేసి పారిపోయాడు!"

"పారిపోలేదయ్యా, పట్టుకోడానికి వెళ్లాను!"

"కారునా, మాస్టారూ?" అన్నాడు కానిస్టేబుల్. "మీ లైసెన్సు ఇలా ఇవ్వండి."

జేబులోంచి తీసిచ్చాను. దెబ్బ తగిలినవాణ్ణి వదిలిపోయానని రాస్తే డ్రైవింగ్ నేర్పే లైసెన్సు పోతుంది, స్కూలు మూతపడుతుంది.

"అత్తయ్యా, మీరైనా చెప్పండి!"

"మా అల్లుడు తప్పించుకుపోయే రకం కాదండీ." ప్రాణం లేచొచ్చింది. "అంత తెలివి లేదు."

కానిస్టేబుల్ నవ్వలేదు. పోస్ట్‌మాన్‌ని చూపించి నన్నడిగాడు. "దిగేటప్పుడు ఈయనకి దెబ్బ తగిలిందేమో చూశారా?"

చూశాననొచ్చు. అత్తగారు కాదనదు, అప్పటికే మొహం పక్కకి తిప్పుకుంది. పోస్ట్‌మాన్ మాత్రం నా కళ్లలోకే చూస్తున్నాడు.

"లేదండీ. చూడలేదు."

కానిస్టేబుల్ అలాగే రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. "మూడు నెలలైనా లైసెన్సు ఆపేస్తారు మాస్టారూ. అబద్ధమాడుంటే శాశ్వతంగా పోయేది. మీరు పరిగెత్తింది సిగ్నల్ పైన కెమెరాలో ఉంది."

అంబులెన్సు వచ్చింది. నేను సిగ్గుపడుతూ చెయ్యందించాను. పోస్ట్‌మాన్ ఆ చేతిని ఓసారి చూసి, అత్తగారి భుజం పట్టుకుని లేచాడు. బరువైన ఉత్తరాల సంచీ మాత్రం నా మెడకి తగిలించాడు. అది మోస్తూ ఎక్కువ దూరం పరిగెత్తలేనని కాబోలు.