మెట్ల మీది దగ్గు

బట్టలుతికే మెషిన్ల కంపెనీకి ఇంట్లో కూర్చునే ఫోన్లెత్తుతుంది కూతురు. నాలుగేళ్ళుగా పడకగదే ఆఫీసు. సుఖమైన ఉద్యోగమని చుట్టాలంతా అన్నారు. ఆ అన్నవాళ్ళని ఒక్క పూట ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. కాల్ నడుస్తుండగా వెనక చప్పుడైతే కంప్యూటరే పసిగట్టి ఎర్ర మార్కు వేస్తుంది. మైకు మూసినా మార్కే. నెలలో మూడు పడితే ఉద్యోగం ఊడినట్టే. పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని ఊరికే అన్నారా? కుక్కర్ కూతకొకటి, తలుపు గడియకొకటి, రెండు అప్పుడే పడ్డాయి. అప్పటినుంచి ఆమెకు తిండి సయించడం లేదు. నిద్రలో కూడా "మీకెలా సహాయపడగలను" అంటోంది.

ఇంట్లో ఉండేది ఇంకొక్క మనిషే, తల్లి. ఆవిడకు దగ్గు. రెండో మార్కు పడ్డనాటి చిరాకులో, "అమ్మా, ఆ దగ్గు కాస్త ఆపుకోలేవా?" అనేసింది కూతురు. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. మర్నాటి నుంచి దగ్గు వినబడలేదు. మందు పనిచేసిందనుకుంది కూతురు.

ఇది జరిగి పది రోజులు. ఇవాళ టీ విరామంలో చెత్తబుట్ట బయట పెడుతుంటే కింది వాటా టైలరమ్మ పైకొచ్చి ఆపింది.

"ఏమ్మా, మీ ఇద్దరికీ మాటల్లేవా?"

"అదేం ప్రశ్న పిన్నిగారూ?"

"మరి మీ అమ్మ పొద్దస్తమానం మెట్ల మీద కూర్చుంటుందేం? దగ్గలేక చస్తోంది. లోపలికి పొమ్మంటే, అమ్మాయి కాల్‌లో ఉందంటుంది."

కూతురికి తల కొట్టేసినట్టయింది. గబగబా దిగింది. మెట్ల మలుపులో గోడకానుకుని తల్లి, ఒళ్ళో తువ్వాలు, పక్కన నీళ్ళ సీసా. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది.

"లోపలికి రా అమ్మా."

"ఇంకా నాలుగు గంటలుందిగా నీ డ్యూటీ."

దాదాపు లాక్కొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. ఇంతలో విరామం అయిపోయి కాల్ దానంతటదే కలిసింది. మెషిన్లో నీళ్ళు పోవడం లేదని ఎవరో పెద్దమనిషి గోల. అలవాటుగా హెడ్‌సెట్ తగిలించుకుని వెనక్కి చూసింది. తల్లి తువ్వాలు నోట్లో కుక్కుకుంటోంది. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. కూతురు లేచి తువ్వాలు లాగేసింది.

"దగ్గమ్మా."

"ఎవరండీ అక్కడ?" అన్నాడు ఫోన్లో పెద్దమనిషి.

"మా అమ్మండీ. ఒంట్లో బాలేదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మీ మెషిన్ సంగతి ఇంకొకరు చూస్తారు."

తెర మీద మూడో మార్కు పడింది. తల్లి చూడనే చూసింది.

"నా మూలంగా పోయింది కదే."

"నీ మూలంగా కాదమ్మా. నా మూలంగా నువ్వే పది రోజులు మెట్ల పాలయ్యావు."

తల్లి ఏదో చెప్పబోయింది గాని దగ్గు మాట రానివ్వలేదు. కూతురు పక్కన కూర్చుని, వీపు రాస్తూ, ఆ దగ్గంతా విన్నది.