సన్నాసి చెట్లు కొండెక్కిన పొద్దు

పొద్దున్నే పాలు పితికి, వెన్న తీసి, సన్నాసి చెట్టు ఆకులో చుట్టి సంతకి పంపడం రోసల్బీనాకి కాపురానికొచ్చిన నాటి నుంచీ ఉన్న పనే. గొర్రెపిల్ల చెవిలాంటి బొచ్చాకు అది, అందులో వెన్న చెడదు. మంచులో దూరం నుంచి చూస్తే కంబళి కప్పుకున్న సన్నాసుల్లా ఉంటాయని వాటికా పేరు. ఆ కొండమీద నీళ్ళన్నీ వాటి చలవే. మంచుతెరని ఆకులతో తాగి వేళ్ళలోంచి ఊటగా వదుల్తాయి. అవెక్కడుంటే ఊట అక్కడ, ఊట ఎక్కడుంటే ఇల్లు అక్కడ.

ఏళ్ళ తరబడి కదలవు. లోయలో వేడి పైకెగబాకి కాళ్ళకి తగిలిందా, ఏదో మంచు పొద్దున అన్నీ లేచి కొండెక్కుతాయి. ఇంకా పొయ్యి ముట్టించే ఈడు రాని పిల్లో పిల్లాడో ఇంటి పొయ్యిరాయి ఒకటి నెత్తిన పెట్టుకుని వాటి వెనకే నడవాలి. అవి ఆగినచోట రాయి దించితే ఊట పడుతుంది. మధ్యలో ఆగకూడదు, వెనక్కి తిరగకూడదు, పిలిస్తే పలక్కూడదు.

ఇదివరకు తరానికోసారి జరిగే సంగతి. రోసల్బీనా వచ్చాకే రెండుసార్లు ఇల్లెత్తారు. ఇప్పుడిక పైన మిగిలింది శిఖరమే.

"చెట్ల వేళ్ళు బయటపడ్డాయి," అన్నాడు మొగుడు అపారిసియో, కప్పు మీంచి గడ్డి దింపుతూ. "ఈసారి రాయి మన నియెవెస్ మోస్తుంది. ఎనిమిదేళ్ళొచ్చాయిగా."

"నా కూతుర్ని పంపను."

"పంపకు. నీళ్ళు మీ పుట్టింటినుంచి తెద్దువుగాని!"

ఆ మాట ఆమెకి పుండుమీద కారం రాసినట్టయింది. ఎదురుకొండ మీది ఆమె పుట్టిల్లు ఎండిపోయి చాలాకాలమైంది.

"మా తమ్ముడు అలాగే రాయెత్తుకుని పోయాడు. కొండ అయిపోయింది, చెట్లు ఆగలేదు. వాడూ ఆగలేదు. తెలిసే అంటున్నావా?"

"మీది మరుగుజ్జు కొండే. మాదలా కాదు."

పొయ్యి దగ్గర కూచున్న అత్త కుస్టోడియా కల్పించుకుంది. "హడావిడి పడకే. పూర్వం మంచుగడ్డలు కొండ నడుం దాకా దిగినప్పుడు ఈ చెట్లూ దిగాయట. లోయలో మీవీ మావీ కలిసి ఒకటే మంద. ఎండలు ముదిరాక ఎవరి కొండ వాళ్ళెక్కారు. విడిగా బతికి బతికి మీవి తెల్లపూలవయ్యాయి, మావి పచ్చపూలవి. చలి మళ్ళీ దిగొస్తుంది, అవీ దిగుతాయి."

"అప్పుడు ఎన్ని తరాలు పట్టిందో అత్తయ్యా! మారడానికి తీరుబడి దొరికింది. ఇప్పుడు నా పెళ్ళినాటి దుప్పటైనా చిరగలేదు, అప్పుడే మూడోసారి."

ముసలమ్మ కడవ వంచి అడుగంటిన నీళ్ళు చూసుకుంది.

రెండ్రోజులు పోయాక, పక్కనున్న ఆవు కూడా కనపడనంత మంచు కమ్మింది. రోసల్బీనా పాలు పితుకుతుంటే నేల చిరుగుతున్న చప్పుడైంది. చెంబు అక్కడే పడేసి ఇంట్లోకి పరిగెత్తింది. పొయ్యిలో రెండు రాళ్ళే ఉన్నాయి.

"అత్తయ్యా, మూడోదేదీ? పిల్లేదీ?"

"నీళ్ళు కావాలి కదే," అంది కుస్టోడియా తలెత్తకుండా.

రోసల్బీనా కొండకి అడ్డంపడి ఎక్కింది. "నియెవెస్! ఆగవే తల్లీ!" బదులు లేదు. పలక్కూడదని నేర్పి మరీ పంపారు కదా! పైనుంచి వందల కాళ్ళ బరువు చప్పుడు. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి, తడి కంబళ్ళు ఎత్తునుంచి జారిపడుతున్న చప్పుడు. పుట్టింట్లో విన్నదే. దేవుడా, దేవుడా అనుకుంటూ చేతుల మీద పాకింది.

శిఖరం మీద చివరి వరస చెట్లు వెనక్కి తిరిగి ఉన్నాయి. పదో పన్నెండో, భుజం భుజం ఆనించి గుండ్రంగా నిలబడ్డాయి. మధ్యలో నియెవెస్, నెత్తిన రాయితో ఏడుస్తోంది.

"నేను ఆగలేదమ్మా! తోసినా ఇవే దారివ్వట్లేదు!"

ఆకులు తప్పించి పిల్లని బయటికి లాగింది. వీపు మీద ఒక్కటి వేసింది, వెంటనే గుండెకి హత్తుకుని బావురుమంది. చెట్ల అవతల కొండ లేదు, ఉత్త మంచు. కింద ఎక్కడో ఇంకా ఏదో జారుతోంది.

రొప్పుతూ అపారిసియో వచ్చాడు. అంచుదాకా వెళ్ళి తొంగిచూశాడు. పైకి వెళ్ళడం తప్ప ఎరగని వంశం అతనిది. వెనక్కొచ్చి పిల్ల నెత్తిమీది రాయి తీసి తన నెత్తిన పెట్టుకున్నాడు.

"నువ్వు ముందు నడువు," అన్నాడు పెళ్ళాంతో. "నాకు కిందికి దారి తెలీదు."

ముగ్గురూ దిగారు. వెనక ఆ పదో పన్నెండో చెట్లు మాత్రం ఎక్కడివక్కడే నిలబడ్డాయి, కిందినుంచి వేడి అక్కడికీ ఎగబాకేదాకా.